కొబ్బరితాడు మీద తొంభై ఏళ్లు: ఊరి గ్రంథాలయంలో నైటింగేల్ ప్రదర్శన పెట్టడం ఎలా

మే 12 ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. మే 15 ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినరోజు. గోదావరి డెల్టాలో రెండోది ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు, ఊరూరా విగ్రహాలకు దండలు పడతాయి. మొదటిదాన్ని నర్సింగ్ కాలేజీలో కొవ్వొత్తులు వెలిగించి, ప్రతిజ్ఞ చదివించి ముగిస్తారు. వీళ్లిద్దరూ ఒకే కాలంవాళ్లు, ఉత్తరాలు రాసుకున్నవాళ్లు. భారతదేశంలో కరువు చావులు ఆగాలంటే సాగునీరు, మురుగు పారుదల రెండూ కావాలని ఆమె ఇంగ్లండులో ఏళ్ల తరబడి వాదించింది. అందుకే 12 నుంచి 15 దాకా నాలుగు రోజులు కలిపి ఒకే ప్రదర్శన పెట్టడం మన ఊళ్లకు బాగా నప్పుతుంది. బడులకు సెలవులు కాబట్టి పిల్లలు దొరుకుతారు. కాలువలు కట్టేసి ఉంటాయి కాబట్టి నీళ్ల మాట ఎత్తితే పెద్దవాళ్లూ ఆగి వింటారు.

పని ఏప్రిల్ మూడో వారంలో మొదలుపెట్టాలి. ఆరుగురు చాలు. ఇద్దరు తాడు, చీటీలు చూసుకోవాలి. ఇద్దరు పటాలు గీయాలి. ఒకరు లాంతరు చేయాలి. ఒకరు ఊరి లెక్కలు తేవాలి. ఆఖరి పనికే ఎక్కువ రోజులు పడతాయి, దాన్నే ముందు మొదలుపెట్టండి.

తాడు

జీవిత చరిత్ర అనగానే అందరూ తేదీల పట్టిక రాసి గోడకు అంటిస్తారు. అది ఎవరూ చదవరు. దాని బదులు పది మీటర్ల కొబ్బరితాడు తీసుకోండి, చిటికెనవేలు లావుది. ఏడాదికి 10 సెం.మీ. చొప్పున గుర్తులు పెడితే ఆమె బతికిన తొంభై ఏళ్లూ 9 మీటర్లవుతాయి. రెండు కొసల్లోనూ అర మీటరు ముడులకు వదలాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తాడును నేల మీద పరిచి గుర్తులు పెట్టి, తర్వాత బిగించి కడతారు. కొత్త తాడు బిగిస్తే సాగుతుంది, గుర్తుల కొలతలన్నీ తప్పిపోతాయి. ముందు రెండు స్తంభాల మధ్య బిగించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్న మళ్లీ బిగించి, అప్పుడు టేపుతో కొలిచి రంగుదారం చుట్టండి. మధ్యలో జారకుండా ప్రతి రెండు మీటర్లకూ ఒక మేకు ఆసరా ఉండాలి. పెద్దల ఛాతీ ఎత్తులో కడితే పిల్లలు తలెత్తి చూస్తారు, పెద్దలు వంగక్కర్లేదు.

సున్నా దగ్గర 1820 మే 12. ఊరు ఇటలీలోని ఫ్లారెన్స్, ఆ ఊరి పేరే పెట్టారు. ఆమె ఇంగ్లండులో పుట్టిందని రాసేస్తారు, చూసుకోండి. అక్క పార్థినోపీ. కుటుంబం కలిగినది, ఇంగ్లండులో రెండు పెద్ద ఇళ్లు. 1 మీ. 67 సెం.మీ. దగ్గర 1837 ఫిబ్రవరి: దేవుడు తనను ఏదో సేవకు పిలిచాడని రాసుకున్న రోజు. 3 మీ. 10 దగ్గర 1851: జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలల శిక్షణ. ఆ పిలుపుకీ ఈ శిక్షణకీ మధ్య దాదాపు మీటరున్నర తాడు ఖాళీగా ఉంటుంది. దాన్ని బొమ్మలతో నింపకండి. ఆ ఏళ్లంతా ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. ఆడపిల్లకు ఆస్పత్రి పనేమిటన్నారు. ఆ ఖాళీ దగ్గర ఒక్క చీటీ కట్టండి: "పద్నాలుగేళ్లు ఇంట్లో ఎదురుచూసింది." మన ఊళ్లో దాని ముందు ఆగే ఆడవాళ్లు చాలామంది ఉంటారు.

3 మీ. 45 దగ్గర 1854 నవంబరు 4: ముప్పై ఎనిమిది మంది నర్సులతో స్కుటారి చేరింది. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల ఆస్పత్రి ఉన్న తుర్కీ ఊరు అది. 3 మీ. 62 దగ్గర 1856 జులై: అక్కడినుంచి బయల్దేరింది. ఈ రెండు గుర్తుల మధ్య తాడును ఎర్రగుడ్డతో చుట్టండి. దాని పొడవు 17 సెం.మీ. జానెడు కూడా లేదు. పాఠ్యపుస్తకాల్లో, కొవ్వొత్తుల సభల్లో మనం చెప్పుకునే దీపధారిణి కథంతా ఆ జానెడులోనే ఉంది. పిల్లల చేత ఆ ఎర్రగుడ్డ మీద జాన పెట్టించి, తర్వాత చివరిదాకా నడిపించండి. మిగతా ఐదు మీటర్ల పైచిలుకు తాడులో ఆమె ఏం చేసిందన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.

ఆ తర్వాతి గుర్తులు: 3 మీ. 80 దగ్గర 1858, సైనికుల చావుల లెక్కల పటం. 4 మీటర్ల దగ్గర 1860, లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ బడి. 4 మీ. 30 దగ్గర 1863, భారతదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ (బ్రిటిష్ ప్రభుత్వ విచారణ సంఘం) నివేదిక. 5 మీ. 40 దగ్గర 1874, భారతదేశం మీద ఆమె పుస్తకం, సాగునీటి మీద రాసిన అనుబంధంతో. 5 మీ. 80 దగ్గర 1878, భారత ప్రజల మీద వ్యాసం. 7 మీ. 40 దగ్గర 1894, భారత గ్రామాల పారిశుద్ధ్యం మీద వ్యాసం. 8 మీ. 70 దగ్గర 1907, ఆర్డర్ ఆఫ్ మెరిట్, ఆ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ. 9 మీ. 2 సెం.మీ. దగ్గర 1910 ఆగస్టు 13.

అదే కొలతలో కింద రెండో తాడు కట్టండి, కాటన్ దొరది. అది ఈ తాడుకంటే 1 మీ. 70 ముందు మొదలై (1803), 1899 జులైలో, అంటే ఆమె తాడు మీద 7 మీ. 92 దగ్గర ఆగుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1847 నుంచి 1852 దాకా ఉన్న అర మీటరుకు నీలిగుడ్డ చుట్టండి. ఎర్రగుడ్డకు కాస్త ముందుగా ఈ నీలిగుడ్డ వస్తుంది. ఆమె స్కుటారి చేరేనాటికి మన ఆనకట్ట పూర్తయి రెండేళ్లయిందని మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు, కళ్లతో చూస్తే ఎక్కుతుంది.

చోటుంటే మూడో తాడు రాజ్యలక్ష్మమ్మది. కందుకూరి వీరేశలింగం గారి భార్య, 1851లో పుట్టి 1910లోనే పోయారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం ఈ తాడు మీదికి వస్తాయి. ఆ పెళ్లిళ్ల రోజుల్లో వంటవాళ్లు, నీళ్లవాళ్లు రాకపోతే గోదావరి నీళ్లు తానే మోసి, వంట తానే చేసి పెట్టిన మనిషి. విక్టోరియా కాలపు సంస్కర్త అనగానే ఇంగ్లండు వైపే చూడక్కర్లేదని ఈ తాడు చెబుతుంది. దానికి వేరే వివరణ రాయకండి.

లాంతరు

నైటింగేల్ బొమ్మల్లో చేతిలో కనిపించే కొమ్ము దీపం, అల్లావుద్దీన్ దీపం లాంటిది, తప్పు. ఆమె వాడింది తుర్కీలో దొరికే మడతల లాంతరు. పైనా కిందా లోహపు బిళ్లలు, మధ్యలో హార్మోనియం తిత్తిలా ముడుచుకునే గుడ్డ గొట్టం, లోపల కొవ్వొత్తి. గాలికి ఆరదు, పని అయ్యాక నొక్కేస్తే పళ్లెమంత అవుతుంది. దీని నమూనా ఒక సాయంత్రంలో తయారవుతుంది.

రెండున్నర మీటర్ల సన్న జి.ఐ. వైరు, పాత తెల్లపంచె ముక్క, అట్ట, సూదీదారం, బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం కావాలి. వైరును 46 సెం.మీ. చొప్పున ఐదు ముక్కలు కోసి, 14 సెం.మీ. వ్యాసం గల కడియాలుగా చుట్టండి. కొసలు 2 సెం.మీ. ఒకదానిమీదొకటి వచ్చేలా దారంతో కట్టాలి. స్టీలు డబ్బా మీద చుడితే అన్నీ ఒకే సైజులో వస్తాయి, చేత్తో చుడితే గుడ్డు ఆకారం వస్తుంది. పంచె ముక్క 46 వెడల్పు, 24 పొడవు. పైనా కిందా 2 సెం.మీ. మడిచి అంచుల్లో ఒక్కో కడియం కుట్టండి. మిగతా మూడు మధ్యలో 5 సెం.మీ. ఎడంతో. చివరగా నిలువు కుట్టు వేసి గొట్టం చేయండి. 16 సెం.మీ. అట్ట బిళ్లలు రెండు కోసి, పై బిళ్లలో పిడికిలి పట్టేంత రంధ్రం వదిలి, అంచు కడియాలకు కుట్టేయండి. పైన వైరు పిడి.

కడియాల మధ్య గుడ్డ బిగువుగా ఉంటే లాంతరు ముడుచుకోదు. కుట్టేటప్పుడు కొంచెం వదులు ఉంచాలి. కాగితంతో చేస్తే రెండోసారి నొక్కగానే మడతల దగ్గర చిరుగుతుంది. అసలు కొవ్వొత్తి పెట్టనివ్వకండి. మే నెల గాలి, తిరిగే ఫ్యాను, వేలాడే గుడ్డ, చుట్టూ పిల్లలు. ఎవరెంత ముచ్చటపడినా ఎల్‌ఈడీయే.

గులాబీ పటం

ప్రదర్శనకు గుండెకాయ ఇదే. దీన్ని ముద్రించి తెచ్చి అంటించడం కన్నా గీయడం మంచిది. గీసినవాళ్లకే అర్థమవుతుంది, వాళ్లే చూడవచ్చినవాళ్లకు చెప్పగలుగుతారు.

1858లో ఆమె గీయించిన పటంలో ఒక్కో నెలకు ఒక్కో రేకు. నీలం: రాకుండా ఆపగలిగిన రోగాలు. ఎరుపు: గాయాలు. నలుపు: మిగతా కారణాలు. పన్నెండు రేకులూ ఒకే కేంద్రం నుంచి బయల్దేరతాయి, ఒక్కోటి 30 డిగ్రీలు. చావుల రేటును చూపేది రేకు వైశాల్యం. రేకు పొడవు కాదు. ఈ ఒక్కటి తప్పితే పటం అబద్ధమవుతుంది.

రేటు లెక్క ఇలా. 1855 జనవరిలో సైన్యం సగటున 32,393 మంది. రోగాలతో పోయినవాళ్లు 2,761. దాన్ని 12తో, తర్వాత 1,000తో హెచ్చించి 32,393తో భాగిస్తే 1,022.8. అంటే ఆ జనవరి జోరు ఏడాదంతా సాగితే వెయ్యిమందికి వెయ్యిమందీ పోగా ఇంకా బాకీ ఉంటుంది. అదే నెల గాయాలతో పోయింది 83 మంది, రేటు 30.7. యుద్ధంలో తుపాకీ దెబ్బకు ఒకరు పోతే మంచం మీద ముప్పైమందికి పైగా పోయారు. కలరా, విరేచనాలు, టైఫస్.

ఇప్పుడు రేటుకు వర్గమూలం తీయండి. ఆ సంఖ్యే సెం.మీ.లలో రేకు పొడవు. 1,022.8కి 32.0. ఫోన్లో క్యాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే వర్గమూలం మీట కనిపిస్తుంది. మీకు మళ్లీ లెక్క కట్టే పని లేకుండా 1854 ఏప్రిల్ నుంచి 1855 మార్చి దాకా పొడవులు ఇవీ, వరసగా నీలం, ఎరుపు, నలుపు:

ఏప్రిల్ 1.2, 0, 2.6
మే 2.5, 0, 2.2
జూన్ 2.2, 0, 1.6
జులై 12.2, 0, 3.1
ఆగస్టు 18.1, 0.6, 3.5
సెప్టెంబరు 17.7, 5.7, 5.3
అక్టోబరు 14.0, 7.2, 7.1
నవంబరు 18.5, 10.8, 6.5
డిసెంబరు 25.1, 6.5, 6.9
జనవరి 32.0, 5.5, 11.0
ఫిబ్రవరి 28.7, 4.0, 11.8
మార్చి 21.9, 3.6, 8.3

56 × 71 సెం.మీ. డ్రాయింగ్ షీటును నిలువుగా పెట్టండి. ఎడమ అంచు నుంచి 30, పై అంచు నుంచి 24 సెం.మీ. దగ్గర కేంద్రం. మధ్యలో పెడితే జనవరి రేకుకు కింద చోటు ఇరుకవుతుంది, రంగుల వివరం రాసుకోవడానికీ ఉండదు. గడియారంలో తొమ్మిది ఉండే చోట మొదలుపెట్టి గడియారం తిరిగే దిక్కున ఏప్రిల్, మే, జూన్ అని సాగండి. జనవరి ఆరు, ఏడు అంకెల మధ్య కిందికి దిగుతుంది. పై భాగంలో 8 సెం.మీ. శీర్షికకు, కింద 15 సెం.మీ. రంగుల వివరానికి మిగులుతాయి.

పిల్లల జామెట్రీ బాక్సు వృత్తలేఖిని 32 సెం.మీ. అందుకోదు. దారం కట్టి తిప్పితే సాగి, వంకర వస్తుంది. అట్టముక్కను 35 సెం.మీ. పొడవు పట్టీగా కోసి, ఒక కొసన గుండుసూది గుచ్చి, కావలసిన దూరంలో పెన్సిలు మొన దూరే రంధ్రం పెట్టుకోండి. రేకుల్ని గ్లేజు కాగితంలో విడిగా కోసి అంటిస్తే రంగు సమంగా ఉంటుంది. ప్రతి నెలలో పెద్ద రేకు కింద, చిన్నది పైన. ఏప్రిల్‌లో నలుపే పెద్దది, అలవాటుగా నీలాన్ని కింద వేస్తే అది కనపడదు. అక్టోబరులో ఎరుపు, నలుపు దాదాపు సమానం, ఆమె పటంలోనూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అక్కడ ఎరుపు అంచు వెంట్రుకంత కనిపిస్తే సరిపోతుంది.

పొడవునే రేటుగా గీస్తే ఏమవుతుందో పిల్లలకు చూపించండి. జనవరి రేటు మార్చి రేటుకు రెండింతలకు కాస్త పైన. పొడవుల్ని ఆ నిష్పత్తిలో గీస్తే వైశాల్యం నాలుగున్నర రెట్లవుతుంది. చూసేవాడి కన్ను వైశాల్యాన్నే పట్టుకుంటుంది. మన పక్షాన ఉన్న నిజాన్ని కూడా పెంచి చూపకూడదు. ఆమె పట్టుదలగా పాటించిన నియమం ఇది.

ఈ పటం పక్కన రాయాల్సిన వివరణలో జాగ్రత్త కావాలి. నైటింగేల్ వెళ్లగానే చావులు తగ్గాయని చాలాచోట్ల రాస్తారు. మీరు గీసిన రేకులే అది తప్పని చెబుతున్నాయి. ఆమె చేరింది నవంబరులో. డిసెంబరు, జనవరిల్లో రేకులు ఇంకా పెరిగాయి. 1855 మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్య సంఘం వచ్చి, స్కుటారి ఆస్పత్రి కింద పూడుకుపోయిన మురుగు గొట్టాలు కడిగించి, గాలి ఆడేలా చేయించింది. ఆ తర్వాతే ఆస్పత్రిలో చావులు బాగా పడిపోయాయి. ఇంటికొచ్చాక విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని లెక్కలు తీసినప్పుడు ఆ సంగతి ఆమెకు పూర్తిగా తెలిసొచ్చింది. తన ఆస్పత్రిలోనే అంతమంది ఎందుకు పోయారో దాచుకోకుండా, ఆ లెక్కనే పటంగా గీయించి ప్రభుత్వం ముందు పెట్టింది. ఆమె గొప్పతనం మాకు కనిపించేది ఇక్కడ. దీపం చేతబట్టిన రాత్రుల్ని తక్కువ చేయక్కర్లేదు గానీ, ఈ ధైర్యం అంతకంటే అరుదు.

ఊరి పటం, ఊరి లెక్క

రెండో షీటు మీద మీ ఊరి గులాబీ. మరణాలు తీసుకోవద్దు. ఒక ఊళ్లో నెలకు పడే మరణాలు మరీ తక్కువ, ఒకటి అటూ ఇటూ అయితే రేకు గంతులేస్తుంది. విరేచనాలు, జ్వరాలు ఈ రెండే చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని అడిగి, ఏఎన్ఎమ్ దగ్గర నెలవారీ సంఖ్యలు మాత్రమే తీసుకోండి. పేర్లు, ఇంటి నంబర్లు, వయసులు వద్దు. అవి మీ కాగితం మీదికి రాకూడదు, ఫోన్లో ఫొటో కూడా తీయకూడదు.

ఉదాహరణకు ఊరి జనాభా 4,200, ఆగస్టులో విరేచనాల కేసులు 28 అనుకోండి. 28ని 12తో, 1,000తో హెచ్చించి 4,200తో భాగిస్తే 80. వర్గమూలం 8.9. అంతే పొడవు రేకు.

ఈ లెక్క మూడుచోట్ల మోసం చేస్తుంది. మొదటిది, పక్క లంక జనం కూడా ఈ ఆరోగ్య కేంద్రానికే వస్తారు. కేసుల్లో వాళ్లు కలిసి, జనాభాలో కలవకపోతే రేటు ఉబ్బుతుంది. రెండోది, సగంమంది ముందు ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు, వాళ్లు రిజిస్టరులో ఉండరు. మూడోది వరద నెల. గోదావరి పొంగినప్పుడు వైద్య శిబిరాలు పెడతారు, ఇంటింటికీ తిరిగి రాస్తారు. రోగం పెరిగిందో, రాయడం పెరిగిందో తేలదు. ఈ మూడూ పటం కిందే పెద్ద అక్షరాలతో రాసేయండి. ఎవరో లేచి అడిగేదాకా ఆగకండి.

రేకుల పటం పక్కన ఊరి నీళ్ల పటం ఉండాలి. నైటింగేల్ భారతదేశం ఎన్నడూ రాలేదు. వచ్చిందని ఎక్కడైనా చూస్తే నమ్మకండి. 1859లో పెట్టిన రాయల్ కమిషన్ కోసం ఇక్కడి సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నల కాగితం పంపించి, వచ్చిన జవాబుల కట్టలు లండన్‌లో మంచం మీదే చదివింది. క్రిమియాలో పట్టుకున్న జ్వరం తర్వాత ఆమె ఆరోగ్యం కోలుకోలేదు, పనంతా గదిలోంచే. అప్పటికి ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది పోతుండేవారు. 1870లు వచ్చేసరికి అది 18కి దిగిందని ఆమె తర్వాత రాసింది. అడిగినవి పెద్ద ప్రశ్నలేమీ కావు: నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, మనుషులు ఎంత ఇరుకుగా పడుకుంటున్నారు.

అవే ప్రశ్నల్ని డెల్టా భాషలోకి మార్చి పిల్లల చేత ఊరు తిప్పించండి. తాగునీళ్ల చెరువు ఏ నెలలో నింపుతారు, కాలువలు కట్టేశాక ఎన్ని రోజులు వస్తుంది? చెరువు గట్టుకు ఎంత దూరంలో పశువుల పాక ఉంది, పెంట ఉంది? ఏ రేవులో గేదెల్ని కడుగుతారు, దానికి దిగువన ఏ రేవు ఉంది? పంటకాలువలోకి పడుతున్న ఇళ్ల మురుగు తూములు ఎన్ని? మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూడు ఎక్కడ అడ్డంపడింది? చేపల చెరువుల నీళ్లు ఎందులోకి వదులుతున్నారు? పంటకాలువ నీలంరంగు, మురుగు కాలువ గోధుమరంగు, నీళ్లు పారే దిక్కుకు బాణాలు. బాణాలు లేకపోతే ఈ పటం దండగ. ఏ రేవు ఎగువ, ఏది దిగువ అన్నదే దీనిలో చూడాల్సింది. ఎవరి ఇంటి పేరూ రాయకండి, తూము గుర్తు చాలు. పేరు రాస్తే ప్రదర్శన తగాదా అవుతుంది, తూము మాత్రం అలాగే ఉంటుంది.

పలకల మీద రాత

మొత్తం ఏడు పలకలు మించొద్దు. ఒక్కో దానిమీద 60 నుంచి 80 మాటలు. చేత్తో రాస్తే అక్షరం ఎత్తు 1.2 సెం.మీ. తగ్గకూడదు. ఒత్తులు, గుడులు ఉన్న మన లిపికి ఇంగ్లీషు కొలతలు చాలవు, వరసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. ఫ్లెక్సు వేయిస్తే వచ్చే తంటా వేరు. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతారు. దుకాణంలో అనూ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు జారతాయి, "స్త్రీ", "క్ష్మి" లాంటివి విరుగుతాయి. పీడీఎఫ్ చేసి ఇవ్వండి. లేదా మార్చిన తర్వాత తెర మీద ప్రతి మాటా చదివాకే అచ్చుకు ఒప్పుకోండి. వాట్సాప్‌లో వచ్చిన చిన్న బొమ్మను చూసి సరే అనేస్తే ఊరంతా చూసే తప్పు మిగులుతుంది.

రెండు పలకలు తప్పనిసరి అని మా అభిప్రాయం. ఒకటి కరువు పలక. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో వచ్చిన మహాకరువు, అప్పుడు ఆమె సాగునీటి కోసం చేసిన వాదన, 1878 వ్యాసం మొదటి వాక్యం. భారత ప్రజలంటే మనకు లెక్కలేదు అన్న అర్థం వచ్చే వాక్యంతో ఆ వ్యాసం మొదలవుతుంది. జీవితమంతా లెక్కలు కట్టిన మనిషి సొంత దేశస్థుల ముఖాన ఆ మాట అన్నదని చదివితే తెలుగువాళ్లకు రెండర్థాలూ తగులుతాయి. దాన్ని పెద్ద అక్షరాల్లో రాయండి.

రెండోది ఆమె పొరపాట్ల పలక. రోగాలు చెడుగాలి వల్ల వస్తాయని చాలా ఏళ్లు నమ్మింది, సూక్ష్మక్రిముల మాట ఒప్పుకోవడానికి కాలం పట్టింది. నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషను వద్దని గట్టిగా వాదించింది. బ్రిటిష్ పాలన ఉండకూడదని ఆమె అనలేదు, ఆ పాలన బాగుపడాలంది. అదే క్రిమియా యుద్ధంలో జమైకా నుంచి వచ్చిన మేరీ సీకోల్ సొంత ఖర్చుతో బాలక్లావా దగ్గర సైనికులకు సాయపడింది. ఆమె పేరు కూడా ఇక్కడే ఉండాలి. కాటన్ దొర తాడు కిందా ఇలాంటి చీటీ ఒకటి కట్టండి: ఆనకట్ట కుంఫిణీకి శిస్తు పెంచింది, మట్టి మోసి రాయి ఎత్తిన కూలీల పేర్లు ఏ పలక మీదా లేవు. దొరకు దండవేసే ఊళ్లో ఈ మాట రాయడానికి కొంచెం గుండె కావాలి. రాయండి.

నాలుగు రోజులు

పొద్దున్న ఏడు నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. మధ్యాహ్నం వడగాలికి ఎవరూ రారు, తలుపులు తీసి ఉంచితే కాగితాలు ఎగిరిపోతాయి. షీట్లకు నాలుగు మూలలా కాకుండా పై అంచుకు వెదురు బద్ద, కింది అంచుకు ఇంకో బద్ద కట్టి వేలాడదీస్తే గాలికి చిరగవు. మైదా జిగురు పలచగా, ఒక పూటకు సరిపడా కాచుకోండి. మిగిలింది రెండో రోజుకు పులుస్తుంది, బొద్దింకలు కాగితంతో సహా తింటాయి. పటం మధ్యభాగం నేల నుంచి 1 మీ. 40 ఉంటే పెద్దలకూ పిల్లలకూ కుదురుతుంది. కరెంటు పోతే లాంతరు పనికొస్తుంది, బ్యాటరీలు రెండు జతలు దగ్గర పెట్టుకోండి.

చెప్పేవాళ్లు ఇద్దరుండాలి, ఒకరు నర్సింగ్ విద్యార్థిని అయితే బాగుంటుంది. బట్టీ పట్టిన ఉపన్యాసం వద్దు. తాడు దగ్గర రెండు నిమిషాలు, గులాబీ దగ్గర మూడు, ఊరి పటం దగ్గర ఎంతసేపైనా. పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న తెలిసిందే: "ఆవిడ మన వైపు వచ్చిందా అండీ?" "రాలేదండీ, కాగితాల మీదే చూసింది" అని చెప్పి, వెంటనే ఊరి నీళ్ల పటం దగ్గరికి తీసుకెళ్లండి. "మరి మన రేవు ఇందులో ఎక్కడ?" అన్నది రెండో ప్రశ్న. అక్కడ మీరు మాట్లాడటం ఆపి పెన్సిలు వాళ్ల చేతికివ్వండి. పటంలో తప్పులు దిద్దేది వాళ్లే. పాత తూము ఎప్పుడు మూసేశారో, ఏ మురుగు ఎక్కడ మలుపు తిరిగిందో పిల్లలకు తెలియని సంగతులు ఆ పెన్సిలు గీతల్లో వస్తాయి. నాలుగో రోజు సాయంత్రం ఆ గీతలన్నీ ఇంకుతో స్థిరపరిచి, తేదీ వేసి, ఫొటో తీసుకోండి.

మే 15 రాత్రి విప్పేటప్పుడు తాడు మీది చీటీలు తీయకుండా అలాగే పెద్ద చుట్టగా చుట్టండి, వచ్చే ఏడు మళ్లీ కొలిచే పని ఉండదు. షీట్లను రంగు వైపు బయటికి ఉండేలా చుట్టి, ప్లాస్టిక్ గొట్టంలో ఎండిన వేపాకు వేసి మూయాలి. వానాకాలం చెమ్మకు లోపలి వైపు చుట్టిన గ్లేజు కాగితం ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఊరి గులాబీ మాత్రం చుట్టి దాచకండి. ఒక నకలు ఆరోగ్య ఉపకేంద్రంలో, ఒకటి సచివాలయంలో గోడకు పెట్టించండి. జూన్ సంఖ్య రాగానే కొత్త రేకు గీయడానికి పక్కనే దారానికి ఒక పెన్సిలు, కొలత రంధ్రాలు పెట్టిన అట్టపట్టీ వేలాడదీయండి.